ఎర్ర పుల్ల కనబడితే స్తోత్రం

మైక్రోస్కోపులో ఎర్ర పుల్ల కనబడిన ప్రతిసారీ నా నోట ఒకే మాట వచ్చేది. "స్తోత్రం!"

మనసులో అనుకునేదాన్ని కాదు. పైకే అనేదాన్ని, అదీ గట్టిగా. ప్రార్థన కూటాల్లో పెరిగిన గొంతు నాది. మా నాయన రాప్తాడు దగ్గర ఒక చిన్న సంఘానికి పెద్ద. మైకు లేని మందిరంలో చివరి చాప మీద కూర్చున్న ముసలమ్మకు కూడా వినబడేలా పాడాలని మాకు నేర్పాడు. ఆ గొంతుతో ల్యాబులో స్తోత్రం అంటే ఓపీ వరుసలో నిలబడ్డవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. మందులిచ్చే కిటికీ దగ్గర మాటలు ఆగిపోయేవి. ధర్మవరంలో మా ఆరోగ్య కేంద్రం చుట్టుపక్కల నా పేరు సుగుణ అని తెలిసినవాళ్ళు తక్కువ. అందరికీ నేను స్తోత్రం మేడమ్‌నే.

ఎర్ర పుల్ల అంటే క్షయ క్రిమి. రోగి దగ్గి తీసిన కళ్లెను గాజు పలక మీద పలచగా పూసి, ఆరబెట్టి, ఎర్ర రంగు పోసి, కింద స్పిరిట్ దీపంతో ఆవిరి లేచేదాకా వేడి చేస్తాం. తర్వాత ఆమ్లంతో కడిగితే పలక మీద ఉన్న ప్రతిదానికీ ఆ ఎరుపు వదిలిపోతుంది. ఈ క్రిమికి మాత్రం వదలదు. మొండిది. దాని మొండితనమే దాన్ని పట్టిస్తుంది. ఆపైన నీలి రంగు వేసి చూస్తే, నీలి నేల మీద ఎవరో సన్నటి ఎర్ర పుల్లలు విరిచి చల్లినట్టు ఉంటుంది. అబ్బా, ఆ దృశ్యం! ఉద్యోగం చేసినన్నేళ్ళూ అది నాకు పాతబడలేదు. రిటైరైన తర్వాత ఇప్పుడు తలుచుకున్నా చేతి వేళ్ళు ఫోకస్ చక్రం కోసం వెతుకుతాయి.

"రోగం దొరికితే దేవునికి స్తోత్రమా?" అని నన్ను చాలామంది అడిగారు. ఎగతాళిగా కొందరు, కోపంతో కొందరు. ల్యాబులోకి కొత్తగా అడుగుపెడుతున్న పిల్లలారా, ఆ ప్రశ్నకు జవాబు మీకోసం రాస్తున్నాను. నా బదిలీలు, ప్రమోషన్లు, ఫైళ్ళ గొడవ ఇక్కడ ఉండవు. అవి చదివితే మీకు నిద్ర వస్తుంది, రాస్తే నాకు వస్తుంది.

చాంద్ బాషా సారు నేర్పిన మాట

నాకు పని నేర్పింది చాంద్ బాషా సారు. అనంతపురంలో ఆయన దగ్గర శిక్షణకు చేరినప్పుడు నేను ప్రతి పలకకూ ముందు కళ్ళు మూసుకుని ప్రార్థించేదాన్ని. ఒక రోజు ఆయన వెనక నుంచి వచ్చి నిలబడ్డాడు. అత్తరు వాసనను బట్టి ఆయనేనని తెలిసింది.

"ఏమ్మా, చూస్తాండావా, ప్రార్థన చేస్తాండావా?"

"రెండూ చేస్తాండా సార్."

"రెండూ ఒకేసారి అయ్యే పనైతే నేను శుక్రవారం నమాజుకు పోకుండా ఈ స్టూలు మీదే కూర్చుందును కదా. ప్రార్థన చెయ్యి, ముగించు, కండ్లు తెరువు. తెరిచినాక అంతా నీ కండ్ల మీదే ఉండాది."

ఆ మాట నా భక్తిని తగ్గించలేదు, దానికొక వేళ ఏర్పరచింది. ఆనాటి నుంచి తెల్లకోటు తొడుక్కునేటప్పుడు ఒక ప్రార్థన, విప్పేటప్పుడు ఒకటి. మధ్యలో కళ్ళు దేవుడిచ్చిన పని చేస్తాయి.

పలకను ఎలా చూడాలో కూడా ఆయనే చెప్పాడు. "యాడంటే ఆడ చూసేది కాదు. మడక సాలు మాదిరి పోవల్ల. ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్ళా దాని పక్క సాలు. సాలు తప్పినావంటే ఆడ విత్తనం పడదు." మెట్ట సేద్యం చేసిన ఇంటి పిల్లను కాబట్టి నాగలి చాలు మాట నాకు ఒక్కసారికే ఎక్కింది.

ఆయన నేర్పిన వాటిలో అన్నిటికంటే గొప్పది ఒక మాట తేడా. మొదటి పలక చూసి నేను "లేదు సార్" అన్నాను.

"ఏం లేదు?"

"క్రిమి లేదు సార్."

"లేదు అనేదానికి నువ్వెవరు? ఆ మనిషి ఊపిరితిత్తుల్లోకి దూరి చూసి వచ్చినావా? కనబడలేదు అను. నీకు కనబడలేదు, అంతే."

మా సంఘంలో సాక్ష్యం చెప్పే ఆచారం ఉంది. లేచి నిలబడి, తనకు జరిగింది మాత్రమే చెప్పాలి. విన్నది, ఊహించింది కలపకూడదు. బాషా సారు చెప్పింది నాకు ఆ నియమంలాగే వినబడింది. పలక ముందు కూర్చున్నవాళ్ళు సాక్షులు. కనబడింది చెప్పు, కనబడలేదు చెప్పు. "లేదు" అన్నది సాక్షి నోట రావలసిన మాట కాదు. ఈ తేడా ఒక మనిషి ప్రాణం విలువ చేస్తుందని నాకు ధర్మవరం వచ్చాకే తెలిసింది.

ఉమ్మి అడిగితే ఉమ్మే ఇస్తారు

మా కేంద్రం మగ్గాల వీధుల మధ్య ఉండేది. పొద్దున్నే బస్సు దిగి నడుస్తుంటే ఇరువైపులా ఇళ్ళలో నుంచి మగ్గాల చప్పుడు, దాని మధ్య దగ్గులు. ఆ వీధుల్లో కిటికీలు ఉంటాయి గానీ తెరవరు. మా అనంతపురం గాలి సంగతి మీకు తెలిసిందే. వానను మోసుకురాదు, దుమ్మును మాత్రం ఇంటింటికీ పంచుతుంది. ఆ పొడి గాలి తగిలితే పట్టు పోగు పటుక్కున తెగుతుంది. అందుకని మగ్గం గదిని మూసి, నేల తడిపి, గాలి ఆడకుండా ఉంచుతారు. పట్టుకు హాయిగా ఉండే గది క్షయ క్రిమికీ హాయిగానే ఉంటుంది. ఆ వీధుల్లో క్షయ ఎక్కువగా దొరకాలి. మగవాళ్ళలో దొరికేది. ఆడవాళ్ళలో దాదాపు దొరికేది కాదు.

మా పైఅధికారి ఒకాయన దీన్ని చూసి సంతోషించాడు. "మీ ఏరియాలో ఆడోళ్ళు ఆరోగ్యంగా ఉండారమ్మా" అన్నాడు. ఆయనకు నమూనాల సంఖ్య కావాలి, డబ్బాలో ఏముందో అక్కరలేదు. ఇలాంటి అధికారులు మీకూ తగులుతారు. వాళ్ళకు నమస్కారం పెట్టండి, డబ్బా మూత తీసి చూడటం మాత్రం మానకండి.

మూత తీసి చూస్తే ఆడవాళ్ళ డబ్బాల్లో నీళ్ళలాంటి ఉమ్మి ఉండేది, పైన నురగ. కళ్లె అలా ఉండదు. చిక్కగా, పసుపుగా, తీగ సాగుతుంది. క్రిమి ఉండేది అందులోనే. ఉమ్మిలో వెతకడమంటే ఇంట్లో పోగొట్టుకున్నదాన్ని వీధిలో వెతకడమే.

వాళ్ళ తప్పు లేదు. గోడ మీద బోర్డులో "కఫ పరీక్ష" అని రాసి ఉండేది. అది చాలామందికి అర్థం కాక, మేమంతా నోటితో "ఉమ్మి తెండి" అనేవాళ్ళం. ఉమ్మి అడిగాం, ఉమ్మే ఇచ్చారు. మా కేంద్రంలో మాట మార్చాం. "లోపలి నుంచి దగ్గి తీసిన కళ్లె" అని చెప్పడం మొదలుపెట్టాం. మగవాళ్ళు సరిగ్గా తెచ్చారు. ఆడవాళ్ళు మళ్ళీ ఉమ్మే తెచ్చారు. ఎందుకో నాకు అంతుపట్టలేదు. దాన్ని విప్పి చూపింది పార్వతి.

పార్వతి

తనకల్లు దగ్గర పల్లె నుంచి ధర్మవరానికి కోడలిగా వచ్చిన పిల్ల పార్వతి. బయలు చేలల్లో పెరిగి, మూసిన మగ్గం గదిలో మొగుడి ఎదురుగా కూర్చుని మగ్గం అచ్చులోకి ఎక్కించే పోగులు అందించే పనిలో పడింది. చంకలో ఏడాది దాటిన మగబిడ్డ. ఎప్పుడు చూసినా కొంగు నోటికి అడ్డంగా ఉండేది.

ఆమె వెంట అత్త రామక్క వచ్చేది. రామక్క అడుగు పెడితే వరండా అంతా ఆమెదే. మాట్లాడే ముందు గొంతు పెద్దగా సవరించి, ప్రహరీ దాకా వినబడేలా ఖాకరించి, తొట్టిలో ఉమ్మి, అప్పుడు మొదలుపెట్టేది. ఆ ఇంటి పెద్ద ఆమె. ఆ శబ్దం కూడా పెద్దరికంలో భాగమే.

పార్వతి నమూనా ఒకసారి చూశాను. కనబడలేదు. మళ్ళీ తెప్పించాను. కనబడలేదు. కాగితం మీద అదే రాశాను.

మా డాక్టరుగారు కదిరి మనిషి. దేవుడి మీద నమ్మకం లేదని తానే చెప్పుకునేవాడు. రోగి చెయ్యి పట్టుకుంటే మాత్రం వదలడు. ఆ కాగితం పట్టుకుని ల్యాబులోకి వచ్చాడు.

"ఏమి సుగుణమ్మా, నీ అద్దం లేదంటాండాది. ఆ పిల్ల మొగం ఉండాదంటాండాది. నేను ఎవరి మాట వినల్ల?"

"అద్దం లేదనలేదు సార్. కనబడలేదనింది."

"అయితే కనబడేది తెప్పియ్యి. ఈడ ఎక్స్‌రే చెడిపోయి కూర్చుంది. అనంతపురం పొమ్మంటే, మగ్గం మీది చీరలు దింపల్ల, తీరిక లేదంటారు. ఉండేది నీ పలక ఒకటే."

బయట రామక్క అప్పటికే తీర్పు చెప్పేసింది. "దగ్గూ దగ్గూ అని పని సాగనియ్యదు. రెండు మార్లు చూసి మీరే లేదంటిరి. రోగం లేకపోయినా దగ్గుతాండాదంటే అది ఒళ్ళు వంచలేక చేసే దగ్గే. రేపు పొద్దున తనకల్లు బస్సెక్కిస్తాం. పుట్టింట్లో బాగు చేసుకోని రానీ. బిడ్డ మాత్రం ఈడే ఉంటాడు."

పార్వతి బిడ్డను ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది. అప్పుడు దగ్గు వచ్చింది. ఆ దగ్గును ఆమె ఏం చేసిందో నేను మొదటిసారి సరిగ్గా చూశాను. పెదవులు బిగించింది. కొంగు అదిమింది. భుజాలు ఎగిరాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, శబ్దం మాత్రం బయటికి రాలేదు. పైకి వచ్చినదాన్ని మింగేసింది.

ఇన్నాళ్ళూ నేను వెతుకుతున్నది ఆ గొంతులో దిగిపోవడం నా కళ్ళతోనే చూశాను! ఈ వీధుల్లో కోడలు అత్తమామల ముందు గట్టిగా దగ్గదు. ఖాకరించడం మరీ సిగ్గు. అలాంటి పిల్ల చేతికి డబ్బా ఇచ్చి, మగవాళ్ళ వరుస ఎదుట, అత్త పక్కన నిలబెట్టి, లోపలి నుంచి దగ్గి తియ్యమని మేం చెబుతున్నాం!

గానుగ చెట్టు వెనక

"రామక్కా, బిడ్డను పట్టుకో. ఇంకొక్క మారు చూస్తా" అన్నాను.

"ఎన్ని మార్లు చూస్తావు? చూసి చూసి లేని రోగం ఉండేట్లు చేస్తావేమో."

బిడ్డను ఆమె చేతిలో పెట్టి, పార్వతిని కేంద్రం వెనకున్న గానుగ చెట్టు దగ్గరికి తీసుకుపోయాను. ఆరుబయట, గాలి నా వైపు కొట్టకుండా పక్కగా నిలబడ్డాను. డబ్బా మూత తీసి ఇచ్చాను.

"గట్టిగా దగ్గమ్మా."

"మా అత్త వింటాది మేడం."

"మీ అత్త ముందర వరండాలో ఉండాది."

"గాలి ఇటు నుంచి అటే పోతాండాది కదా."

గాలి సంగతి ఆ పిల్లకు తెలియదా! చేలల్లో తూర్పారబట్టిన పిల్ల. సరే, ముందు నేనే సిగ్గు విడిచాను. గొంతు సవరించి, మగవాళ్ళు కూడా చెయ్యనంత పెద్దగా ఖాకరించి చూపించాను. పార్వతి కళ్ళు పెద్దవయ్యాయి.

"అయ్యో, మీరు చదువుకున్నోళ్ళు కదా మేడం!"

"చదువుకున్నోళ్ళకు గొంతు ఉండదా? ఇటు చూడు. మా సంఘంలో పాట ఎత్తుకునే ముందు ఇట్ల ఊపిరి తీస్తాం. భుజాలు లేపొద్దు. కడుపు నిండేట్లు తియ్యి. పట్టుకో. ఇప్పుడు వదులు."

తీసింది. వదిలింది. సగంలో కొంగు నోటికి పోయింది. మళ్ళీ తీయించాను. మళ్ళీ కొంగు. ఇక ఇలా కాదని ఆ ఊపిరి ఎంత దూరం పోతుందో చూపించడానికి ఒక కీర్తన పల్లవి ఎత్తుకున్నాను, ఆదివారం మందిరంలో ఎత్తుకున్నంత గట్టిగా. చెట్టు మీది కాకులు లేచిపోయాయి.

ముందర వరండాలో నుంచి రామక్క గొంతు వచ్చింది. "ఏమ్మో! ఆడ పరీక్ష చేస్తాండారా, భజన చేస్తాండారా?"

పార్వతికి నవ్వు వచ్చింది. ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులో నుంచి దగ్గు తెగి వచ్చింది. లోపల, ఎక్కడో అట్టడుగు నుంచి లేచిన దగ్గు. కొంగు నోటికి చేరేలోపలే డబ్బా చేరింది.

మూత పెట్టేముందు చూశాను. చిక్కటిది. పసుపు పచ్చటిది. దాన్ని చూసి అంత సంబరపడిన మనిషి ఆ పొద్దు జిల్లాలో ఇంకొకరు ఉండరు.

ల్యాబులో పలక పూశాను. దీపం పెట్టాను, ఆవిరి లేచింది, కడిగాను, నీలి రంగు వేశాను, ఆరనిచ్చాను. నూనె చుక్క వేసి మొదటి సాలు మొదలుపెట్టాను. సాలు సగం కూడా నడవలేదు. నీలి నేల మీద ఎర్ర పుల్ల. దాని పక్కన ఇంకొకటి. ఆ పక్కన వంకర పుల్లల కట్ట.

"స్తోత్రం!"

తలుపు తోసుకుని వచ్చింది డాక్టరుగారు కాదు, రామక్క. బిడ్డ చంకలోనే ఉన్నాడు.

"ఏం దొరికిందని అరుస్తాండావు?"

"క్రిమి దొరికిందక్కా. పార్వతికి క్షయ ఉండాది."

"నా కోడలికి పాడు రోగముందని తెలిస్తే నువ్వు నీ దేవునికి దండం పెడతావా? సిగ్గు లేదా నీకు?"

వరండా అంతా వింటోంది. డాక్టరుగారు ఆమె వెనక వచ్చి నిలబడి, నేనేం చెబుతానా అని చూస్తున్నాడు.

"రోగం వచ్చినందుకు కాదక్కా. రోగం ఆ పిల్ల లోపల ఎప్పటి నుంచో ఉండాది. నేను స్తోత్రం చెప్పినా, చెప్పకపోయినా ఉండాది. దాక్కున్నది ఇప్పుడు దొరికింది. దొరికినదానికి మందుండాది. దొరకనిదానికి తనకల్లు బస్సుండాది, అంతే."

డాక్టరుగారు మైక్రోస్కోపులోకి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "నేను దేవుణ్ణి నమ్మను గానీ సుగుణమ్మా," అన్నాడు తల ఎత్తకుండానే, "ఈ పొద్దు నువ్వు అరిచింది సరిపోయింది."

ఇదీ నా జవాబు, పిల్లలూ. చీకట్లో ఉన్నది వెలుగులోకి రావడాన్ని మా సంఘంలో శిక్ష అనరు, స్వస్థతకు మొదలు అంటారు. అది ఆత్మకు మాత్రమే చెప్పిన మాట అనుకునేదాన్ని. పలక ముందు కూర్చున్నాక ఊపిరితిత్తులకూ వర్తిస్తుందని తెలిసింది. పాజిటివ్ వచ్చినప్పుడు మొహం వేలాడేసుకోకండి. ఎదుటివాళ్ళ దుఃఖం వాళ్ళ పక్కన కూర్చుని వినండి, అది వేరే. కానీ లోపల సంబరపడండి. మీరు దొంగను పట్టుకున్నారు.

నాకూ అను

ఒక ఇంట్లో క్షయ దొరికితే ఆ ఇంట్లో అందరినీ చూడాలి. బిడ్డలో అప్పటికి రోగం కనబడలేదు, రాకుండా మందు మొదలుపెట్టారు. మొగుడిలో ఏమీ కనబడలేదు. రామక్క నవ్వుతూ డబ్బా అందుకుంది.

"కళ్లె ఎట్ల తియ్యల్లో నాకు చెప్తావా? మీ గానుగ చెట్టు వద్దు, పాటా వద్దు. ఇగో."

అందరి ముందూ ఖాకరించి ఇచ్చింది. శిక్షణలో చూపించాల్సినంత మంచి నమూనా.

పలక పెట్టాను. మొదటి చూపులోనే ఎర్ర పుల్లలు, లెక్కపెట్టే పని లేకుండా. నోటి దాకా వచ్చిన మాట ఆగిపోయింది. నా ఉద్యోగంలో మొదటిసారి. తలుపు అవతల కూర్చున్నది నన్ను సిగ్గు లేదా అని అడిగిన మనిషి. కోడలు గట్టిగా దగ్గకూడదు కాబట్టి కోడలి దగ్గును వెతుక్కుంటూ పోయాం. అత్త ఎంత గట్టిగా దగ్గినా పెద్దరికం అనుకున్నాం కాబట్టి ఆ దగ్గు ఎవరికీ వినబడలేదు. ఆ వరండాలో అందరికంటే పెద్దగా దగ్గింది ఆమే!

బయటికి వచ్చాను.

"గమ్మునుండావంటే నాకేమీ లేదు కదా?" అంది రామక్క, లేవడానికి చీర సర్దుకుంటూ.

"ఉండాదక్కా. నీకూ ఉండాది."

చీర సర్దుతున్న చెయ్యి ఆగింది. పార్వతి అత్తకు దగ్గరగా జరిగి కూర్చుంది. రామక్క అడిగింది. "అంటే దీనికి నా నుంచే వచ్చిందా?"

"ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో నా అద్దం చెప్పదక్కా. కనబడింది మాత్రమే చెప్తాది."

"నీ అద్దం చెప్పకపోతే ఏమి? నాకు తెలీదా? ఇది మా ఇంటికి రాకముందు నుంచి దగ్గుతాండా నేను." కోడలి వైపు చూడలేదు. నేలను చూస్తూ ఉంది. తర్వాత తల ఎత్తి నన్ను చూసింది. "అవునూ, దానికి దొరికినప్పుడు అరిచినావు కదా. నాకు యాల అరవలే?"

"నీకు కోపమొస్తాదని."

"దాక్కున్నది దొరికితే మంచిదని పెద్ద పెద్ద మాటలు చెప్తివి. అది దానికేనా? నేనేం తక్కువ? నాకూ అను ఆ మాట."

"స్తోత్రం" అన్నాను. సన్నగా వచ్చింది.

"అట్ల కాదు. మొన్న వీధంతా వినపడింది."

మళ్ళీ అన్నాను. ఈసారి ఓపీ వరుస ఉలిక్కిపడింది. రామక్క తల ఊపింది, లెక్క సరిపోయినట్టు.

తనకల్లు బస్సు మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. మందులు చూడటానికి నేనూ ఆశా కార్యకర్తా వాళ్ళింటికి పోయినప్పుడు మగ్గం గది కిటికీ తెరిపించమని చెప్పాను. కొడుకు గొణిగాడు. "గాలి తగిలితే పోగు తెగుతాది మేడం. మీకేం, చెప్పి పోతారు."

కండెలు చుడుతున్న రామక్క రాట్నం ఆపింది. "పోగు తెగితే ముడేస్తాం లేరా. ఊపిరి తెగితే యాడ ముడేస్తావు? తియ్యి కిటికీ." కొడుకు లేచి తీశాడు. ఎన్నేళ్ళ నుంచి మూసి ఉందో, రెక్క కిర్రుమంటూ విరిగినంత పని చేసింది. ఆ తర్వాత వాళ్ళే ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. గాలి నెమ్మదిగా ఉండే పొద్దున కిటికీ తెరిచి నేస్తారు, గాలి లేచాక మగ్గం మీద తడి గుడ్డ కప్పి కాసేపు పని ఆపుతారు.

ఆ వీధి ఆడవాళ్ళంతా తర్వాత గానుగ చెట్టు వెనకకే వచ్చారు. అక్కడ ఒక తడిక కట్టించుకున్నాం. మగవాళ్ళకు ప్రవేశం లేదు, అత్తలకు కూడా లేదు. ఒకరికి ఊపిరి తీయడం నేర్పితే ఆమె ఇంకొకరికి నేర్పేది. ఆ ఏడాది మా పైఅధికారి, "ఇదేమి, మీ ఏరియాలో ఆడోళ్ళకు రోగం పెరిగింది" అని దిగులుపడ్డాడు. రోగం పెరగలేదు సార్, దగ్గు పెరిగింది అన్నాను. ఆయనకు అర్థమైందో లేదో తెలియదు.

ఇప్పుడు మీ ల్యాబుల్లో కొత్త యంత్రాలు వచ్చాయి. నమూనా పెడితే చాలు, అదే వెతికి చెబుతుంది, క్రిమి ఏ మందుకు లొంగదో కూడా చెబుతుంది. నేను చివరి రోజుల్లో ఆ యంత్రం ముందు చిన్నపిల్లలా గంతులేసినంత పని చేశాను. కానీ అందులో ఉమ్మి పోస్తే ఉమ్మి సంగతే చెబుతుంది. డబ్బా ఇచ్చే మనిషి ఎవరి ముందు నిలబడి ఉందో అది చూడదు. అది మీరే చూడాలి.

చివరి పలక

మందులు పూర్తయిన నెలలో అత్తా కోడళ్ళు కలిసి వచ్చారు. ఇద్దరికీ ఒళ్ళు చేసింది. కళ్లె రావడం కష్టమైంది, రోగం తగ్గితే అంతే. ఇద్దరూ తడిక వెనక చాలాసేపు తంటాలుపడ్డారు. లోపలి నుంచి రామక్క మాటలు వినబడ్డాయి. "భుజాలు లేపొద్దే, కడుపు నిండేట్లు తియ్యి." అత్తలకు ప్రవేశం లేదన్న నియమం ఆమెకు వర్తించదని ఆమే తేల్చుకుంది.

రెండు పలకలు పూశాను. కోటు తొడుక్కున్నప్పుడే ప్రార్థన అయిపోయింది, ఇక కళ్ళే. పార్వతి పలక మీద సాలు వెంట సాలు నడిచాను. నీలి నేల. కొస దాకా నీలి నేలే. రామక్క పలక తీసుకున్నాను. ఇది ఇంకా నిదానంగా. తలుపు అవతల మాటలేమీ లేవు. నా నోటి నుంచి ఏం వస్తుందోనని వింటున్నారని తెలుస్తూనే ఉంది. చివరి సాలు కూడా ముగిసింది.

లేచి బయటికి వచ్చాను. నోరు తెరవబోతే రామక్క చెయ్యెత్తి ఆపింది.

"ఆగు, చెప్పొద్దు. నువ్వు అరవలేదు."

"అరవలే."

"అప్పటి మాదిరి నాకు కోపమొస్తాదని గమ్మునుండేది కాదు కదా?"

"కాదక్కా. కనబడలే, అందుకే అరవలే."

"ఇద్దరికీ?"

"ఇద్దరికీ కనబడలే."

రామక్క లేచి నిలబడింది. భుజాలు లేపకుండా, కడుపు నిండా ఊపిరి తీసింది. గానుగ చెట్టు వెనక నేర్పిన ఊపిరి అది. "చౌడేశ్వరమ్మ తల్లీ!" అని ఒక్క కేక వేసింది. ఓపీ వరుస ఉలిక్కిపడింది. మందుల కిటికీ దగ్గర మాటలు ఆగిపోయాయి.

డాక్టరుగారు గదిలో నుంచి పరిగెత్తుకొచ్చాడు. "ఏమి సుగుణమ్మా, ఎవరికి దొరికింది?"

"ఎవరికీ దొరకలేదు సార్. ఈ పొద్దు స్తోత్రం ఆయమ్మది."

పార్వతి నవ్వింది. అత్త పక్కనే, మగవాళ్ళ వరుస ఎదుట, వీధి దాకా వినబడేలా నవ్వింది. కొంగు భుజం మీదే ఉంది.